మెట్ల మలుపులో అద్దం

ఆ వేసవిలో మా బావమరిది మా ఇంట్లో భోజనం మానేశాడు. కారణం నా నోరు. ఇందులో దాచేదేముంది, మా వీధి కుక్కలకు కూడా తెలుసు.

మాది అద్దాల పని. కిటికీలకు, తలుపులకు, అల్మరాలకు అద్దాలు కోసి బిగిస్తాం. కొలిచేది నేను, కోసేది వాడు, మోసేది ఇద్దరం. మా పెళ్లయిన ఏడేళ్లకు, పదిహేనేళ్ల వయసులో, వాళ్ల అక్క దగ్గరికని మా ఇంటికి వచ్చాడు. ఆ వేసవికి వాడికి ఇరవై ఏడు. దుకాణం మీది గదిలో పడుకునేవాడు, మూడు పూటలా మా ఇంట్లో తినేవాడు.

నా గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. వెనకాల నన్ను అందరూ చిటపట మేస్త్రి అంటారని నాకు తెలుసు. ఎదురుగా అన్న మొనగాడు లేడు. నాకదే గొప్పగా ఉండేది. అయిదో తరగతితో బడికి దండం పెట్టినవాడికి లోకం మర్యాద దానంతటది ఇవ్వదు, అరిచి లాక్కోవాలి, కోపం ఉన్నచోటే పని తిన్నగా సాగుతుంది అని ఒక వేదాంతం తయారుచేసుకుని దాన్నే నమిలి మింగుతూ బతికాను.

అలాంటివాడికి ఆ ఏడు దొరికిన పెద్ద పని ఏమిటంటే, బడి. మూడంతస్తుల కొత్త బడి. వానలు మొదలయ్యేలోగా కిటికీలన్నిటికీ అద్దాలు బిగించాలి. చిన్నప్పుడు వద్దన్న బడిలోకి ముసలితనం ముందర అద్దాలు మోసుకుంటూ వెళ్లానన్నమాట.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. కొలత చెప్పేటప్పుడు వెడల్పు ముందు, ఎత్తు తర్వాత. నిచ్చెన మీద నుంచి నేను చెప్తాను, కింద వాడు నోటుపుస్తకంలో రాసుకుంటాడు, రాసుకున్నది కోస్తాడు. సాదా అద్దమైతే ఎటు తిప్పి పెట్టినా చెల్లిపోతుంది. కానీ ఆ బడిలో మరుగుదొడ్ల కిటికీలకు గీతల అద్దం అడిగారు. లోపలివాళ్లు బయటికి కనపడకుండా ఒళ్లంతా సన్నటి గీతలుండే అద్దం అది. గీతలు నిలువుగా నిలబడాలి. అక్కడ వెడల్పు, ఎత్తు తారుమారైతే అద్దం కిటికీలో సరిగ్గా కూర్చుంటుంది, గీతలు మాత్రం అడ్డంగా పడుకుంటాయి.

పడుకున్నాయి. ఒకటి కాదు, పద్దెనిమిది.

అద్దాలు గోడకు ఆనించి పెట్టగానే పని చూసుకునే సూపర్‌వైజరు నడుం మీద చేతులేసుకుని వంగి చూశాడు.

"ఏంటి మేస్త్రీ, గీతలు బజ్జున్నాయా? ఎండకి తట్టుకోలేక?"

గోడలకు రంగులేసేవాళ్లు, నేలకు పలకలు పరిచేవాళ్లు, అందరూ ఘొల్లుమన్నారు. నా చెవులు కాలిపోయాయి. నన్ను చూసి నవ్వితే నాకు ముందు ఒళ్లు మండుతుంది, తర్వాత బుద్ధి పనిచేస్తుంది. అప్పటికి అంతా అయిపోతుంది. బావమరిది వైపు తిరిగాను.

"వెడల్పేదో ఎత్తేదో తెలియని వెధవా! పన్నెండేళ్లుగా నా ఇంట్లో తేరగా తింటున్నావు. తిండి దగ్గర మాత్రం ఒక్కపూటన్నా కొలత తప్పావట్రా?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దదయింది.  వాడు నోటుపుస్తకం తెరిచి ఒక పేజీ చూసుకున్నాడు, మూశాడు.

"సరే బావా" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రం వాడు లేనప్పుడు నేనూ ఆ పుస్తకం తెరిచాను. ఆ పద్దెనిమిది కొలతలూ వరసగా ఉన్నాయి. నలభై ఎనిమిది, ముప్పై. చూస్తుంటే నా గొంతే నాకు వినపడింది. కొలతలు చెప్పిన రోజు నిచ్చెన మీద ఉన్నాను, కళ్లలోకి ఎండ. ముందురోజు నా నిచ్చెన అడక్కుండా తీసుకెళ్లినందుకు రంగుల మేస్త్రిని తిడుతున్నాను. ఆ తిట్ల మధ్య ఎత్తు ముందు చెప్పేశాను. వాడు చెప్పింది చెప్పినట్టు రాశాడు.

పుస్తకం మూసి ఉన్నచోటే పెట్టేశాను. తప్పు ఒప్పుకుంటే మేస్త్రీతనం ఊడిపోతుందేమోనని భయం. మనిషితనం సంగతి తర్వాత.

ఇంటికెళ్లేసరికి మా ఆవిడ మూడు కంచాలు పెట్టి ఉంది.

"తమ్ముడేడీ?"

"ఆకలేస్తే వాడే వస్తాడు."

రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ వారమూ రాలేదు. ఆవిడ మాత్రం రోజూ మూడు కంచాలు పెట్టడం, ఒకటి ఎత్తి మళ్లీ గూట్లో పెట్టడం. వారం తర్వాత అడిగింది.

"తేరగా తింటున్నాడన్నారట?"

"ఎవరు మోశారు నీకు?"

"ఎవరు మోస్తే ఏంటి? అన్నారా లేదా?"

"కోపంలో లక్ష అంటాం. పట్టుకుని వేలాడితే ఎట్లా?"

"కోపం మీది కాబట్టి మీరు దులుపుకుపోయారు. మాట వాడి దగ్గరే ఉండిపోయింది." కంచం ఎత్తి గూట్లో పెట్టింది. "నిన్న మీరు లేనప్పుడు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పి వెళ్లాడు. పక్క ఊళ్లో ఎవరో అద్దాల దుకాణం వాళ్లు రమ్మన్నారట. మధ్యలో పోతే మీకు ఇబ్బందని ఆగాడట. బడి పని ముగిశాక వెళ్లిపోతాడు."

"పోనీ. వాడొక్కడేనా చేతులున్నవాడు?"

ఆవిడ ఏడిస్తే బాగుండేది. ఏడిస్తే ఎదురు అరవచ్చు, నాకది చేతనవును. ఏడవలేదు. వెళ్లి గిన్నెల ముందు కూర్చుంది. తోమిన గిన్నే మళ్లీ తోముతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. నేను వసారాలోకి వెళ్లి నిలబడ్డాను. మా ఇంట్లో మాట ముదిరినప్పుడల్లా నేను చేసేది అదే. అరవడం, వసారాలోకి పోవడం.

మర్నాటి నుంచి పనిలో కొత్త భాష పుట్టింది.

పెద్ద అద్దం మోయాలంటే ఇద్దరు మనుషులు, ఒక నోరు కావాలి. అద్దాన్ని నిలువుగా పట్టుకుని ఒకడు ముందు కొసన, ఒకడు వెనక కొసన, ఒకడు ఇటుపక్క, ఒకడు అటుపక్క నడుస్తాం. ముందున్నవాడు నా వైపు తిరిగి వెనక్కి నడుస్తాడు, కాళ్ల కింద ఏముందో కనపడదు. వెనకున్నవాడే చెప్పాలి. మెట్టు, మలుపు, ఆగు, దించు. దానికి ముందువాడు ఊ అనాలి. పన్నెండేళ్లుగా చెప్పేది నేను, ఊ అనేది వాడు. కోపాలు వచ్చాక నేను చెప్పడం మానేశాను. వేలి కణుపుతో అద్దం మీద కొట్టడం మొదలుపెట్టాను. ఒక దెబ్బకి ఆగు. రెండు దెబ్బలకి మెట్టు. వాడు వెంటనే అందుకున్నాడు, తెలివైనవాడు. ఊ అనడానికి బదులు వాడూ ఒక దెబ్బ. మీసాలొచ్చిన ఇద్దరు మగవాళ్లు టకటకా అద్దం కొట్టుకుంటూ మేడ మెట్లు ఎక్కుతుంటే రంగులవాళ్లు పని ఆపి చూసేవాళ్లు.

"చూడండ్రా, వడ్రంగి పిట్టలు పోతున్నాయి" అనేవాడు రంగుల మేస్త్రి.

దుకాణంలో చెప్పాల్సినవి మాత్రం మా ఆవిడ చేత చెప్పించబోయాను. "రేపు ఎనిమిదింటికల్లా రమ్మని చెప్పు మీ తమ్ముడికి" అన్నాను ఒకరోజు.

"వాడి చెవులకేం? శుభ్రంగా ఉన్నాయి" అంది. "మీ ఇద్దరి మధ్య తిరగడానికి నేను గుమస్తానా?"

అయిదో వారంలో అద్దం పగిలింది. మొదటి అంతస్తు వసారాలో నేల అరగదీసే మిషను నడుస్తోంది, ఆ రొదలో నా దెబ్బ వాడికి చేరలేదు. నోరు తెరిచి ఆగు అని ఒక్క అరుపు అరిస్తే పోయేది. లోకం మీద అంత అరిచినవాణ్ణి, అవసరమైన ఆ ఒక్క అరుపూ అరవలేదు. మంకుతనంతో ఇంకోసారి కొట్టాను. అద్దం మూల వెళ్లి స్తంభానికి తగిలింది. నిలువెత్తు అద్దం నీళ్లలా కిందికి జారిపోయింది.

వాడికేం కాలేదు. నా మోచేతి కింద ఒక చీలిక, రక్తం. వాడు గాజు ముక్కల మీద నుంచి ఒక్క అంగలో దూకి వచ్చాడు. మెడలో తువ్వాలు తీసి, చింపి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని కట్టాడు.  ఏదో అంటాడనుకున్నాను. నేనూ ఏదో అందామనుకున్నాను. ముడి బిగించి, వెళ్లి చీపురు తెచ్చి ముక్కలు ఊడవడం మొదలుపెట్టాడు.

ఇంట్లో మా ఆవిడ చెయ్యి పట్టుకుని కట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది వాడు వేసిన ముడే. చెప్పుల తాళ్లకు కూడా ఇలాగే వేస్తాడు." ముడి మీద వేలు పెట్టి చూసింది. "ఏమన్నాడు?"

"ఏమీ అనలా."

"మీరేమన్నారు?"

"నేనూ అనలా."

"బాగుంది. నొచ్చిందని చెప్పే మనిషి ఈ ఇంట్లో ఒక్కరూ లేరు. మీరు అరుస్తారు, వాడు మూగవాడవుతాడు, నేను గిన్నెలు తోముతాను. అందరం అలిసిపోయి పడుకుంటాం, దానికి కాపురమని పేరు."

వసారాలోకి పోయాను. గాయం కంటే ముడి ఎక్కువ లాగింది ఆ పూట.

ఏడో వారానికి ఒక్క అద్దం మిగిలింది. మూడో అంతస్తులో, హెడ్‌మాస్టరు గదిలో, ఏడడుగుల పొడవు. అన్నిటికంటే పెద్దది. అది బిగిస్తే బడి పని సరి. మా బావమరిది కూడా సరి. వాడి పెట్టె కట్టేసి ఉందని నాకు తెలుసు. పొద్దున దుకాణం మీది గది తలుపు తెరిచి ఉంటే కళ్లపడింది.

మబ్బులు కమ్ముతున్నాయి. ఇద్దరం అద్దం ఎత్తాం. టక టక, మెట్టు. టక టక, మెట్టు. రెండో అంతస్తు దాటి మలుపు తిరిగామో లేదో, పైనుంచి పలకలు పరిచే మేస్త్రి కేక వేశాడు.

"ఆగండాగండి! అడుగు పెట్టారంటే చంపేస్తా! ఇప్పుడే పరిచాం, పలకలు కదిలిపోతాయి. చెక్కలు అడ్డమేయిస్తా, పావుగంట."

"పావుగంట మోస్తూ నిలబడాలా?" అన్నాను.

"ఏం బరువు మేస్త్రీ? అద్దమేగా, కనపడను కూడా కనపడదు!"

వెనక్కి దిగడానికి లేదు. ఎక్కించిన అద్దాన్ని వెనకడుగుతో దించడమంటే చేతులారా పగలగొట్టుకోవడమే. మెట్టు అంచు మీద ఆనిస్తే చిట్లిపోతుంది. అద్దం అంచు తొడల మీదికి తీసుకుని నిలబడ్డాం, వాడు రెండు మెట్లు పైన, నేను కింద. మధ్యలో అద్దం. ఏడు వారాలుగా వాడి ముఖం తిన్నగా చూడలేదు. ఇప్పుడు చూడక తప్పదు, మెడ తిప్పితే తూకం పోతుంది. చిక్కిపోయాడు. గడ్డం కింద ఎముక తెలుస్తోంది. ఎక్కడ తింటున్నాడో ఏమో.

వసారా లేదు. పోవడానికి చోటు లేదు.

"ఒరేయ్" అన్నాను.

వాడు అద్దం అంచు చూస్తున్నాడు.

"ఆ గీతల అద్దాలు... ఎత్తు ముందు చెప్పింది నేనేరా."

"తెలుసు" అన్నాడు.

"తెలుసా? ఎప్పుడు?"

"నువ్వు చెప్తున్నప్పుడే. ఆ కిటికీలు అంత వెడల్పు లేవే అనిపించింది."

"అనిపిస్తే అడగొద్దట్రా?"

నా గొంతు లేచింది. గొంతుతో పాటు చేతులు, చేతులతో పాటు అద్దం. సన్నగా జలదరించింది.

"మెల్లగా బావా" అన్నాడు. "అద్దం."

నోరు మూసుకున్నాను. ఊపిరి దిగాక మళ్లీ అడిగాను, పాలు తాగే పిల్ల పక్కన మాట్లాడినంత మెల్లగా. "ఎందుకు అడగలేదు?"

"అడుగుదామనే తలెత్తా. నువ్వు రంగుల మేస్త్రి మీద లేస్తున్నావు. ఇప్పుడు కదిలిస్తే ఆ మంట నా మీదికి తిరుగుతుంది, ఎందుకొచ్చిన గొడవ, చెప్పింది రాసుకుందాం అనుకున్నా. ఇవాళ్టి సంగతి కాదు. నిన్ను ఒక మాట అడగాలంటే ముందు మబ్బు పట్టిందో లేదో చూసుకోవాలి. మాకందరికీ అలవాటే."

నా కోపమే పనిని నిలబెడుతోందనుకున్నవాణ్ణి నేను. పద్దెనిమిది అద్దాలను పడుకోబెట్టింది అదే. ఒక కుర్రవాడు కిందనుంచి తలెత్తి, నా ముఖం చూసి, తల దించుకున్నాడు. అక్కడే తప్పింది కొలత.

"అద్దాల సంగతి పోనీ" అన్నాడు వాడు. "పోతే ఇంకో పద్దెనిమిది కోస్తాం. కోశాం కూడా. ఆ తిండి మాట..." అద్దం మీద పట్టు సరిచేసుకున్నాడు. "ఎక్కడ తింటున్నా, ముద్ద ఎత్తితే నువ్వు ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టు ఉంటోంది. అందరూ నవ్వారు బావా. నువ్వూ నవ్వావు."

"నేనా? నేను నవ్వలేదురా."

"నవ్వావు."

వాడు అబద్ధమాడే రకం కాదు. నాకు గుర్తు లేదు, అంతే. నవ్వు నా మీద నుంచి వాడి మీదికి మళ్లగానే, హమ్మయ్య అనుకుని నేనూ నలుగురితో కలిసిపోయి ఉంటాను. ఆ మాట తట్టగానే అద్దం బరువు రెట్టింపయింది.

తిట్టడానికి నా దగ్గర వంద మాటలున్నాయి. దీనికి ఒక్కటీ లేదు. వెతుక్కున్నాను.

"నన్ను చూసి నవ్వుతుంటే సిగ్గేసిందిరా. ఆ సిగ్గు తీసి నీ మీద పడేశాను. తేర తిండి ఎవడిదో చెప్పనా? చెమట నీది, పేరు నాది. అది తేర."

వాడి కళ్లు ఎర్రబడ్డాయి. చేతులు ఖాళీ లేవు కాబట్టి తుడుచుకోవడానికి లేదు. నాకూ లేదు. అద్దానికి అటొకడు, ఇటొకడు, ముక్కులు ఎగబీల్చుకుంటూ నిలబడ్డాం.

"నా కోపం ఇంకా పోలేదు బావా."

"పోకపోతే పోనీ. ఉందని చెప్పావుగా, చాలు."

"చేతులు లాగేస్తున్నాయి."

"నాకూ."

పైనుంచి కేక వచ్చింది. "చెక్కలేశాం, రావచ్చు! ఏంటా గుసగుసలు, ప్రేమ కబుర్లా?"

"మెట్టు" అన్నాను నోటితో.

"ఊ" అన్నాడు.

అద్దం బిగించి, చుట్టూ లప్పం పూసి నున్నగా చేసేసరికి సూపర్‌వైజరు వచ్చాడు. వెనకాల పలకల మేస్త్రి, రంగులవాళ్లు. ఆయన పాత హాస్యం మర్చిపోలేదు.

"ఏమోయ్ అబ్బాయ్, ఈసారి వెడల్పూ ఎత్తూ చూసుకున్నావా?"

నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని ఎవరూ నాకు నేర్పలేదు. మెట్ల మీద వాడితో ఒప్పుకున్నాను కదా, సరిపోతుందిలే అని ఒక క్షణం అనిపించింది కూడా.

"ఆ రోజు తప్పు చెప్పింది నేనండీ" అన్నాను. "ఎత్తు ముందు చెప్పాను. వాడు నేను చెప్పిందే రాశాడు. తిట్లు మాత్రం వాడు తిన్నాడు."

ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు గొంతు సవరించుకుని కిటికీలోంచి ఆకాశం ఎలా ఉందో చూశాడు. మా బావమరిది అటు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడుస్తూ ఉండిపోయాడు. ఆ ముక్క చెప్పడానికి ఒక్క ఊపిరి పట్టింది. చెప్పకుండా మోయడానికి ఏడు వారాలు పట్టింది.

ఆ పూట వాడు ఇంటికి వస్తాడనుకున్నాను. రాలేదు. మర్నాడూ రాలేదు. పెట్టె ఎత్తుకుని వెళ్లాడేమోనని రెండుసార్లు ఏదో పని ఉన్నట్టు దుకాణం పైకి వెళ్లి చూశాను. పెట్టె ఉంది. కట్టిన తాడు అలాగే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. ఆ ఏటికి మొదటి వాన. మేము భోజనానికి కూర్చోబోతుంటే గుమ్మంలో తడిసి ముద్దయి నిలబడ్డాడు.

"అక్కా, ఆకలేస్తోంది."

మా ఆవిడ తువ్వాలు విసిరింది వాడి ముఖాన. గట్టిగానే విసిరింది. మూడో కంచం ఎలాగూ పెట్టే ఉంది.

సగం తిన్నాక వాడు నా వైపు చూశాడు. "ఆ ఊరివాళ్లకి రానని చెప్పా."

"ఊ."

"కానీ బావా, ఇంకోసారి నలుగురిలో అంటే నేనూ నలుగురిలోనే చెప్తా."

"తిడతావా?"

"తిట్టను. నొచ్చిందని చెప్తా."

"చెప్పు" అన్నాను. తిట్టడమే నయమనిపించింది, నిజానికి.

భోజనాలయ్యాయి. మా ఆవిడ కంచాలు తీసి ఒక మూల పెట్టింది. వాటి ముందు కూర్చోలేదు. చేతులు కొంగుతో తుడుచుకుంది, పీట లాక్కుని తెచ్చి నాకు ఎదురుగా వేసుకుంది.

"మీ బావా బావమరుదులది అయిందా?"

"అయింది."

"అయితే ఇప్పుడు నాది. పంతొమ్మిదేళ్లది. ఒక్క పూటలో తెమలదు, ముందే చెప్తున్నా."

మా బావమరిది చప్పుడు కాకుండా లేచాడు. "నేను దుకాణానికి..."

"కూర్చోరా. నీ వాటా కూడా ఉంది."

కూర్చున్నాడు. నా కాళ్లు అలవాటు కొద్దీ వసారా వైపు కదిలాయి. ఎవరూ పట్టుకోలేదు. వసారా ఖాళీగానే ఉంది. నేనే మళ్లీ కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.

"మొదటిది చెప్పు."

ఆవిడ పీట ఇంకొంచెం ముందుకు జరుపుకుంది.

"మా అమ్మ పోయిన వారానికి నేను వంటింట్లో ఏడుస్తుంటే, ఇంకెన్నాళ్లు ఈ ఏడుపు అన్నారు. వారానికే. అప్పట్నుంచి మా అమ్మ గుర్తొస్తే కుళాయి విప్పి ఏడుస్తా, మీకు వినపడకుండా."

నాకు గుర్తు లేదు. అన్నానా అని అడగబోయాను, నోటిదాకా వచ్చింది. అడగలేదు. అని ఉంటాను.

"తర్వాత?" అన్నాను.

బయట వాన పెద్దదైంది, రేకుల మీద ఒకటే రొద. ఆవిడ గొంతు కొంచెం పెంచింది, నాకు వినపడాలని.